నొప్పి లేదంటున్న అత్తగారినే ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి

ప్రశ్న: మేం తిరుపతిలో ఉంటాం. మా ఆయన (41) కొండకి జీపు తోలుతాడు. పోయిన వారం అర్ధరాత్రి ఎడమ నడుము దగ్గర మొదలై గజ్జల దాకా పొడిచినట్టు నొప్పి వచ్చి విలవిల్లాడిపోయాడు, వాంతులు కూడా అయినాయి. ఇంజెక్షన్ వేసినాక తగ్గింది. స్కానింగ్‌లో ఎడమ వైపు మూత్రనాళం కింది భాగంలో 6 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. ఒకరు వెంటనే తీయించెయ్యమంటారు, ఇంకొకరు బీరు తాగితే పడిపోతుందంటారు. నేను బట్టల షాపులో పనిచేస్తాను. నాకు ఈ ఏడాదిలో మూడుసార్లు యూరిన్‌లో మంట వచ్చింది, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే తగ్గి మళ్ళీ వస్తోంది. మా అత్తకు 62 ఏళ్ళు, చాలా కాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు మాత్రలు వేసుకుంటూ ఉంటుంది. ఈమధ్య కాళ్ళు వాస్తే రక్తపరీక్ష చేయించాం, క్రియాటినిన్ 1.8 వచ్చింది. ఆమేమో "నాకేం నొప్పి లేదు, ముందు వాడి సంగతి చూడండి" అంటుంది. ఒకే ఇంట్లో ముగ్గురికీ కిడ్నీ జబ్బు ఏంటి సార్, మా బోరు నీళ్ళ వల్లేనా? ఆయన కిడ్నీ పోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరమంతా మీ ఆయన రాయి గురించిన దిగులే. అది సహజమే, అర్ధరాత్రి మనిషి నేల మీద పడి దొర్లుతుంటే చూసినవాళ్ళకి అంతకంటే పెద్ద జబ్బు ఉంటుందని ఎలా అనిపిస్తుంది? కానీ మీ ముగ్గురిలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది మీ అత్తగారి 1.8. మీ ఆయన కిడ్నీ పోయే అవకాశం, సరిగ్గా చూసుకుంటే, చాలా తక్కువ. అత్తగారి కిడ్నీలు ఇప్పటికే చాలావరకు పోయాయి, ఆమెకి నొప్పి లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ విషయం పట్టలేదు.

ముందు బోరు నీళ్ళ సంగతి తేల్చేద్దాం. మీ ముగ్గురివీ మూడు వేరు వేరు జబ్బులు: ఒకటి రాయి, ఒకటి ఇన్‌ఫెక్షన్, ఒకటి షుగరు, బీపీల వల్ల కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతినడం. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నవి కావు. ఉప్పు నీళ్ళకి గీజరు పాడవుతుంది, బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది, అది చూసి కిడ్నీలో కూడా అలాగే పేరుకుంటుందని అందరూ అనుకుంటారు. రాళ్ళ విషయంలో ఏ నీళ్ళు తాగారన్నదాని కంటే ఎన్ని నీళ్ళు తాగారన్నదే ముఖ్యం. శ్రీకాకుళం వైపు ఉద్దానం గురించి టీవీలో చూసి చాలామంది భయపడుతుంటారు. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి, అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మీ ఇంట్లో అంత చిక్కుముడి ఏమీ లేదు. కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఇప్పుడు అత్తగారి విషయం. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం. ల్యాబు రిపోర్టులో దాని పక్కన 1.2 దాకా ఉండొచ్చని రాసుంటుంది, ఈమెకి 1.8 వచ్చింది, కాస్తే కదా పెరిగింది అనుకుంటారు. లెక్క అలా నడవదు. వయసు, ఆడా మగా అన్నది కలిపి ఈజీఎఫ్ఆర్ అని ఒక లెక్క కడతారు, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడపోస్తున్నాయో అది చెబుతుంది. 62 ఏళ్ళ ఆడమనిషికి క్రియాటినిన్ 1.8 అంటే ఆ లెక్క దాదాపు 31 వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లకి ఇది 100 దాటి ఉంటుంది, వయసుతో కొంత తగ్గినా 60 కంటే కిందికి మూడు నెలలకు పైగా ఉందంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30కి కిందికి వెళితే నాలుగో దశ, 15కి కింద ఐదో దశ. అంటే మీ అత్తగారు మూడో దశ చివర్లో, నాలుగో దశ గుమ్మం దగ్గర ఉన్నారు. ఒక్క పరీక్షతో ముద్ర వేయకూడదు, మళ్ళీ చేయించాలి, పాత రిపోర్టులు ఇంట్లో ఏ బీరువాలోనో ఉంటే వెతకండి, ఏడాది కింద ఎంత ఉందో తెలిస్తే జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో డాక్టరుకి ఇట్టే తెలుస్తుంది.

మరి నొప్పి ఎందుకు లేదంటారా? ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా చిన్న చిన్న వడపోత యూనిట్లు ఉంటాయి, రెండూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా వడపోసి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లే మూత్రంగా బయటికి పంపుతాయి. షుగరు వల్ల ఈ యూనిట్లు ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటే మిగిలినవి ఆ పని కూడా నెత్తిన వేసుకుంటాయి. సగం పోయినా మనిషికి తెలియదు. రాయి గొట్టంలో అడ్డంపడి కిడ్నీ ఉబ్బితే నొప్పి పుడుతుంది, లోపల యూనిట్లు చస్తుంటే పుట్టదు. కాళ్ళ వాపు, పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు, మూత్రంలో నీళ్ళు పోసినా పోని నురగ, ఊరికే అలసట... ఇవి కనిపించేసరికే చాలా దూరం వచ్చేసి ఉంటాం.

ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చూసి ఇళ్ళల్లో సంబరపడిపోతుంటారు. కిడ్నీ జబ్బు ముదురుతున్న షుగరు పేషెంటుకి ఉన్నట్టుండి షుగరు తగ్గడం మొదలవుతుంది. పాత మాత్రలే, పాత తిండే, కానీ షుగరు 250 నుంచి 120కి దిగుతుంది, ఒక్కోసారి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ఆ నెలలో ఎవరో ఇచ్చిన వేరు మందు పనిచేసిందని పేరు దానికి వెళ్ళిపోతుంది. జరిగేది వేరే. ఒంట్లోని ఇన్సులిన్‌ని, కొన్ని షుగరు మాత్రల్ని బయటికి పంపే పని కిడ్నీలది, కిడ్నీలు ఆ పని చేయలేక ఇన్సులిన్, మాత్రలు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతున్నాయి. అత్తగారికి అలా ఏమైనా జరుగుతోందా గమనించండి, జరుగుతుంటే డాక్టరుకి ముందు అదే చెప్పండి, మందుల డోసు మార్చాలి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే అది కూడా చూడాలి, ఈజీఎఫ్ఆర్ 45కి తగ్గితే డోసు తగ్గిస్తారు, 30కి తగ్గితే ఆపేస్తారు, ఈమె సరిగ్గా అంచున ఉంది. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

మోకాళ్ళ మాత్రలు మాత్రం ఈరోజు నుంచే బంద్. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, ఉన్న 31ని ఇంకా కిందికి లాగేస్తాయి. షాపువాడిని అడిగితే "నొప్పుల బిళ్ళ" అని కత్తిరించి ఇచ్చేస్తాడు, దాని పేరు కూడా తెలియదు మనకి. వీధి చివర క్లినిక్‌లో నడుముకి వేసే ఇంజెక్షను కూడా చాలాసార్లు ఇదే బాపతు. నొప్పికి ఏమైనా కావాలంటే డాక్టరుని అడిగి పారాసెటమాల్ వాడుకోవచ్చు. భస్మాలు, పేరు చెప్పని పొడులు కూడా వద్దు, కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి, అసలే నీరసించిన కిడ్నీ మీద అవి పడితే ఇంకేముంది.

చేయించాల్సినవి పెద్ద ఖర్చు పరీక్షలేం కావు: క్రియాటినిన్ మళ్ళీ ఒకసారి, పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష (అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో అంటారు, 30 లోపు ఉండాలి), కడుపు స్కానింగు. కంటి డాక్టరుకీ చూపించండి, షుగరు కిడ్నీని కొట్టిందంటే కంటి రెటీనాని కూడా కొట్టి ఉండే అవకాశం ఎక్కువ. తిరుపతిలో ఉన్నారు కాబట్టి స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ జబ్బులు చూసే నెఫ్రాలజీ విభాగం మీకు దగ్గరే. ఇదే ప్రశ్న చిత్తూరు వాళ్ళెవరైనా అడిగితే వేలూరు సీఎంసీ కూడా పక్కనే కదా అంటాను, మన దేశంలో కిడ్నీ మార్పిడి మొదట చేసినవాళ్ళలో వాళ్ళున్నారు, 1971లోనే. అంటే ఈమెకి మార్పిడి అవసరమని కాదు, డయాలసిస్ కూడా ఇప్పుడు అవసరం లేదు. చాలామంది నెఫ్రాలజీ అన్న బోర్డు చూడగానే డయాలసిస్ మీద పడుకోబెట్టేస్తారని భయపడి వెనక్కి తిరుగుతారు. ఆ రోజు రాకుండా చూసుకోవడానికే ఇప్పుడు వెళ్ళడం. పోయిన యూనిట్లు తిరిగి రావు, నిజమే. కానీ బీపీని 130/80 లోపు ఉంచి, తెల్మిసార్టాన్, రామిప్రిల్ రకం మందులు, ఈమధ్య వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు సమయానికి మొదలుపెడితే మిగిలిన ఆ 31 అన్న అంకె ఏళ్ళ తరబడి నిలబడొచ్చు. ఏది ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో పొటాషియం చూసి డాక్టరు చెబుతారు. ఈ మందులు ఇంకా ఈజీఎఫ్ఆర్ కొంత మిగిలి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, అందుకే నా తొందర.

తిండి దగ్గర మీ ఇంట్లో గొడవ వస్తుంది, ముందే చెబుతున్నా. మీ ఆయనకి మంచిదని కొబ్బరి బోండాలు తెచ్చి పెడతారు, "అత్తా నువ్వూ ఒకటి తాగు" అంటారు. వద్దు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, బాగున్న కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది, ఈమె కిడ్నీ తోయలేదు, ఒంట్లో పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అలాగే "లో సోడియం" ఉప్పు అని బీపీకి మంచిదని అమ్ముతారు చూడండి, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు, ఈమెకి అది మామూలు ఉప్పు కంటే ప్రమాదం. మామూలు ఉప్పే తగ్గించండి, రోజు మొత్తానికి ఒక టీస్పూను లోపు, అంటే ఊరగాయ, అప్పడం, వడియం పక్కన పెట్టాల్సిందే, సైంధవ లవణం వాడినా లెక్క అదే. నీళ్ళు కూడా అంతే, మీ ఆయనకి కింద చెప్పబోతున్నట్టు ఈమెకి మూడు లీటర్లు తాగించకండి, కాళ్ళు వాచిన మనిషికి ఎన్ని నీళ్ళో డాక్టరు చెప్పాలి. అలాగని పప్పు మానిపించేసి, పండు మానిపించేసి, సంగటి మానిపించేసి మనిషిని ఎండబెట్టొద్దు. పొటాషియం రిపోర్టు చూడకుండా పండ్లు, కూరలు మొత్తం ఆపేయక్కర్లేదు.

ఇక మీ ఆయన. 6 మిల్లీమీటర్ల రాయి మూత్రనాళం కింది భాగం దాకా వచ్చిందంటే సగం పైగా ప్రయాణం అయిపోయినట్టే. 5 లోపు రాళ్ళు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి, 10 దాటితే పడటం కష్టం, మధ్యలో ఉన్నవి సగం సగం, కిందికి వచ్చినకొద్దీ అవకాశం పెరుగుతుంది. నొప్పి మాత్రలకు లొంగుతుంటే, జ్వరం లేకపోతే, రెండో కిడ్నీ బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చూడొచ్చు, గొట్టాన్ని వదులు చేసే టామ్సులోసిన్ లాంటి మాత్ర డాక్టరు రాయవచ్చు. కాబట్టి రేపే ఆపరేషన్ అన్న తొందర అక్కర్లేదు. కానీ నొప్పి పోయింది కదా అని స్కానింగు ఎగ్గొట్టడం మాత్రం కుదరదు. రాయి అక్కడే అడ్డంగా ఉండి కూడా కొన్నాళ్ళకి నొప్పి ఆగిపోవచ్చు, లోపల కిడ్నీ ఉబ్బిపోయి మెల్లగా పాడవుతుంది. రాయి పడిందని కంటితో చూడాలి, లేదా స్కానింగులో పోయిందని తేలాలి. ఇంట్లో పాత టీ జల్లెడ ఒకటి ఆయనకి ఇచ్చేయండి, ప్రతిసారీ దాంట్లోంచి పోసి చూడమనండి, రాయి దొరికితే పారేయకుండా ల్యాబుకి ఇస్తే అది ఏ రకమో తెలుస్తుంది. (ఆ జల్లెడ మళ్ళీ వంటింట్లోకి రాకుండా చూసుకునే పూచీ మీది.)

చలి, వణుకుతో జ్వరం వచ్చిందా, మూత్రం ఆగిపోయిందా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతున్నాయా, అప్పుడు ఆరు వారాలూ లేదు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అడ్డంపడ్డ రాయి వెనక ఇన్‌ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఒకవేళ రాయిని లోపలికి గొట్టం పంపి తీసి, మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం పెడితే, అది ఎప్పుడు తీయించుకోవాలో తేదీ రాయించుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నొప్పి లేదని మర్చిపోయి నెలల తరబడి స్టెంట్ లోపలే వదిలేస్తే దాని మీదే రాళ్ళు పేరుకుంటాయి.

బీరు సంగతి: అది తాగితే మూత్రం ఎక్కువ వస్తుంది, నీళ్ళు తాగినా వస్తుంది. బీరు తర్వాత ఒళ్ళు ఎండిపోతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, అది ఇంకో రకం రాయికి ముడిసరుకు. పైగా మీ ఆయన ఘాట్ రోడ్డులో బండి తోలే మనిషి. అరటి దూట రసం, ఉలవల కషాయం, కొండపిండి ఆకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీ ఆయన వరకూ దూట కూర, ఉలవచారు తింటే నష్టం లేదు, తినండి. కాకపోతే చిన్న రాళ్ళు ఎలాగూ వాటంతట అవే పడతాయి కాబట్టి, పడేముందు రోజు ఏది తాగితే దానికి పేరొస్తుంది. బీరు అంత పేరు సంపాదించింది ఇలాగే.

ఆయన రాయికి అసలు కారణం డ్రైవర్ సీటు. ట్రిప్పు మధ్యలో ఆగాల్సి వస్తుందని నీళ్ళు తాగరు, టీ మీద టీ, పైన ఎండ. రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి, చిక్కబడిన మూత్రంలో అవి గడ్డకడతాయి. ఒకసారి రాయి వచ్చినవాళ్ళలో ఏమీ జాగ్రత్త పడకపోతే దాదాపు సగం మందికి పదేళ్ళలోపు మళ్ళీ వస్తుంది. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, మన ఎండలకి అంటే మూడు లీటర్లకు పైనే తాగాలి, మూత్రం రంగు దాదాపు నీళ్ళలా ఉంటే చాలినట్టు. కొండ మీద జలప్రసాదం కుళాయిలున్నాయి, ట్రిప్పు దించినప్పుడల్లా సీసా నింపుకోమనండి. పడుకునేముందు ఒక గ్లాసు తప్పకుండా, రాత్రిపూటే మూత్రం బాగా చిక్కబడుతుంది. నిమ్మరసం మంచిది, అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా ఆపుతుంది, కానీ ఉప్పు సోడా కలిపి తాగితే చేసిన మేలు పోతుంది. నొప్పి వచ్చిన ఆ గంటలో మాత్రం బిందెలు బిందెలు తాగించకండి, రాయి కదలదు సరికదా నొప్పి, వాంతులు పెరుగుతాయి.

టమాటాలు మానేయాలా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, మదనపల్లె రైతుల మీద ఆ నింద అన్యాయం. పాలకూర, చుక్కకూరల్లో ఎక్కువ, శనక్కాయల్లో కూడా ఉంది. మన వైపు శనక్కాయ చట్నీ లేకుండా ఇడ్లీ దిగదు, పూర్తిగా మానమని నేను చెప్పను, తగ్గించి, తిన్నప్పుడు మజ్జిగో పెరుగో కలిసేలా చూసుకోండి. పాలలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టేసి బయటికి పంపేస్తుంది. కాల్షియం రాయి కదా అని పాలూ పెరుగూ మానేసేవాళ్ళకి రాళ్ళు ఇంకా ఎక్కువ వస్తాయి. ఉప్పు, మాంసం తగ్గించడం ఈయనకీ మంచిదే.

ఇక మీరు, ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క రాసుకుని వదిలేశారు. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్‌ఫెక్షన్ అంటారు, ఇక షాపు మాత్రలతో సరిపెట్టుకునే దశ కాదు. ఆడవాళ్ళకి మూత్రం బయటికి వచ్చే గొట్టం నాలుగు సెంటీమీటర్లే, పేగులో ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా సులువుగా లోపలికి పాకుతుంది, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన ఇళ్ళల్లో మంట అనగానే "వేడి చేసింది" అని బార్లీ, సబ్జా తాగిస్తారు. నీళ్ళు తక్కువై వచ్చిన మంటయితే దానికి తగ్గుతుంది. కానీ చుక్క చుక్కగా మాటిమాటికీ వస్తుంటే, పొత్తికడుపు లాగుతుంటే, రక్తం కనిపిస్తే, మర్నాటికీ మంట తగ్గకపోతే అది వేడి కాదు. ఈసారి మంట వస్తే మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి, ఏ మందుకి ఆ క్రిమి చస్తుందో అందులో తెలుస్తుంది. మీరు మూడు మాత్రలు వేసుకుని మంట తగ్గగానే ఆపేస్తున్నారని నా అనుమానం. అలా సగంలో వదిలేసిన క్రిమే మళ్ళీ లేచి వస్తుండొచ్చు, లేదా ఆ మాత్రకి అది ముందే లొంగకుండా ఉండొచ్చు. రెండిటికీ జవాబు కల్చర్‌లోనే ఉంది. మీ షుగరు కూడా ఒకసారి చూపించుకోండి. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి తోడైతే అది కిడ్నీ దాకా పాకిందని, గర్భం ఉంటే మంట లేకపోయినా ఇన్‌ఫెక్షన్‌కి వైద్యం చేయాలని గుర్తుంచుకోండి.

షాపులో టాయిలెట్ లేదనో, ఉన్నది బాగోదనో, కస్టమర్లు ఉండగా వెళితే సూపర్‌వైజర్ చూస్తాడనో ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా నిలబడతారు. పండగ సీజన్లో మరీ అన్యాయం. మూడు నాలుగు గంటలకు ఒకసారి వెళ్ళాలి, నలుగురూ కలిసి యజమానిని అడగండి, ఒక్కరే అడిగితే కుదరదు. భార్యాభర్తలు కలిసిన తర్వాత వెంటనే మూత్రానికి వెళ్ళడం అలవాటు చేసుకోండి. ఘాటు వాసనల వాష్‌లు కొనొద్దు, మామూలు నీళ్ళు చాలు.

రేపు ఓపీకి అత్తగారిని తీసుకెళ్ళేటప్పుడు ఆమె వేసుకునే మాత్రలన్నీ, మోకాళ్ళవి, ఎవరో ఇచ్చిన పొడులతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి, పేర్లు చెప్పడానికి మొహమాటపడొద్దు. క్రియాటినిన్ పరీక్షకి పరగడుపున వెళ్ళక్కర్లేదు, కానీ ముందు రాత్రి మటన్ గట్టిగా తింటే అంకె పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఆ పూట పెట్టకండి. ఖర్చు సంగతి అడగడానికి ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ ఉంటుంది, కార్డు వెంట ఉంచుకోండి. "వాడి సంగతి చూడండి" అని ఆమె మళ్ళీ అంటే, వాడి స్కానింగు నాలుగు వారాల తర్వాత అని చెప్పి ఆటో ఎక్కించండి.